తీగ కింద మొలకలెన్ని?



మొక్కల చదువు చెప్పిన ఒక సారు పేరున ఏర్పాటైన ఈ స్మారక ఉపన్యాసానికి రమ్మన్నవారు చెట్ల గురించి చెప్పమన్నారు. నేను తీగల గురించి చెబుతానన్నాను. చెట్టుకు మన దగ్గర మర్యాద బాగానే ఉంది. హరితహారంలో నాటాం, ట్రీగార్డు పెట్టాం, పక్కన నిలబడి ఫొటో దిగాం. తీగ పక్కన ఫొటో దిగిన నాయకుణ్ణి మాత్రం నేనింతవరకు చూడలేదు. టేకు వంటి కలప చెట్లను పెంచేచోట తీగలు కనబడితే కొడవలి పెట్టి నరికెయ్యడం అడవుల యాజమాన్యంలో చాలాకాలం ఒక పద్ధతిగానే సాగింది. చెట్టు ఆస్తి, తీగ పీడ. ఈ లెక్క కాగితాల్లోంచి పోయినా మన కళ్లల్లోంచి ఇంకా పోలేదు.

సారు దగ్గర చదివినవాళ్లు ఒక సంగతి చెబుతుంటారు. గుట్ట మీద దొరికిన ఏ మొక్కను పట్టుకుపోయి చూపినా, పేరు చెప్పకముందే ఆయన అడిగే ప్రశ్న ఒకటుండేదట: "దీని పిల్లలు యాడున్నయిరా?" ఆ మాట విన్నప్పటినుంచి నాకు అనిపిస్తోంది, అంతరించిపోయే మొక్కల గురించి మేం రాసే పెద్దపెద్ద నివేదికలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నాయని. మొక్కలెన్ని ఉన్నాయో రాస్తాం, ఎంత విస్తీర్ణంలో ఉన్నాయో రాస్తాం. వాటి కింద మొలకలు లేస్తున్నాయా అన్నది రాయం. ఇవాళ నేను చెప్పేది దాని గురించే.

ముందు ఒక చిన్నమాట. తాడ్వాయిలో అడవి మొక్కల మీద ఉపన్యాసం అంటే నా స్నేహితులు మేడారం తోవలో ఉన్న ములుగు తాడ్వాయి అనుకున్నారు. అడవంటే అందరికీ ఆ తాడ్వాయే. ఈ కామారెడ్డి తాడ్వాయికి అంత అడవి లేదు. ఇక్కడున్నవి మక్క, వరి, సోయా చేన్ల మధ్య ఎత్తుగా లేచిన గుట్టలు, భీమేశ్వర వాగు ఒడ్డున మిగిలిన పొదలు, దక్షిణాన పోచారం అభయారణ్యం వైపు కాస్త చిక్కబడే అడవి. సముద్రం లేకపోయినా ఇవి దీవులే. గుట్ట మీది మొక్క గింజ పక్క గుట్టకు చేరాలంటే నడుమ ఉన్న చేన్లన్నీ దాటాలి. దాటించే గాలో పిట్టో ఉండాలి. అందుకే కథను నిజమైన దీవి దగ్గర మొదలుపెడతాను.

న్యూజిలాండ్ ఉత్తరపు కొసకు అవతల, సముద్రంలో యాభై కిలోమీటర్లకు పైగా పోతే త్రీ కింగ్స్ అనే చిన్న దీవులు వస్తాయి. 1643 జనవరిలో అటుగా వెళ్లిన డచ్చి నావికుడు ఏబెల్ టాస్మన్ పెట్టిన పేరు అది. అందులో పెద్ద దీవి విస్తీర్ణం సుమారు నాలుగు చదరపు కిలోమీటర్లు, మన దగ్గర ఒక మోస్తరు ఊరి శివారంత. 1889లో అక్కడ కొన్ని మేకలను వదిలారు. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాళ్లు ఆకలితో చావకూడదన్న మంచి ఉద్దేశంతోనే వదిలారు. 1946లో వాటిని వేటాడి పూర్తిగా తొలగించేనాటికి అవి దాదాపు 400. ఈ మధ్యలో ఆ దీవి మీద ఏ మొక్కలు ఉండేవో, ఏవి పేరు పెట్టకముందే పోయాయో చెప్పగలిగేవారు లేరు.

ఆ రోజుల్లోనే ఒటాగో విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రవేత్త జెఫ్ బేలిస్ ఆ దీవిని గాలిస్తూ ఏటవాలులో ఒక తీగను చూశాడు. నిగనిగలాడే ముదురాకుపచ్చ ఆకులు, ముదురు కాండం మీదనే గుత్తులుగా మీగడ రంగు గొట్టాల పూలు. మన ఆకాశమల్లె, కలిగొట్టు చెట్ల కుటుంబంలోదే. దాని కింద, పక్కన, దీవి మొత్తంలో అటువంటిది రెండోది లేదు. ప్రపంచంలోనే లేదు. 1948లో దానికి టెకోమాంథి స్పెసియోసా అని శాస్త్రీయ నామం పెట్టారు. ఒకే ఒక మొక్కను చూసి ఒక జాతికి పేరు పెట్టాల్సి వచ్చింది.

తర్వాత కథ సుఖాంతంలాగే కనబడుతుంది. కొమ్మలు తెచ్చి అంట్లు కట్టారు. అవి పట్టాయి. ఇప్పుడు న్యూజిలాండ్ నర్సరీలలో ఆ తీగ కొనుక్కోవచ్చు, గోడల మీదికి పాకించుకోవచ్చు. వేల ఇళ్లలో ఉంది. అయితే ఆ వేల తీగల మూలం ఆ ఒక్క తీగే. దాని బలమే అన్నిటి బలం, దాని బలహీనతే అన్నిటి బలహీనత. ఏదో ఒక తెగులు ఆ ఒక్క మొక్కను చంపగలిగితే అన్నిటినీ చంపగలదు. బేలిస్ చేసింది మహోపకారం, అందులో సందేహం లేదు. అది లేకపోతే ఇవాళ మాట్లాడుకోవడానికి తీగే లేదు. కానీ అది ప్రాణం నిలబెట్టడం వరకే. వంశం నిలబెట్టడం వేరే పని.

ఇక్కడ కాపరులు నన్ను అపార్థం చేసుకోవద్దు. ఆ దీవి మేకల కథ విని మన గుట్టల మేకల మీద కత్తులు నూరేవాళ్లు నగరాల్లో ఉన్నారు. ఆ దీవి మొక్కలు ఆకు మేసే నాలుగు కాళ్ల జంతువు మొహం ఎరగవు. కాబట్టి ముల్లు పెంచుకోలేదు, చేదు పెంచుకోలేదు. మన దక్కను గుట్టల మొక్కలు జింకలతో, కొండగొర్రెలతో, ఆ తర్వాత వేల ఏళ్లుగా మేకలతో బతికి వచ్చాయి. రేగుకు ముల్లుంది, జిల్లేడుకు పాలున్నాయి, అడవి నాభికి విషముంది. మితిమీరి మేపితే ఇక్కడా నష్టమే. కానీ ఆకు కొరికే మేకకు, వేరు పెకలించే గడ్డపారకు చాలా తేడా ఉంది. ఆకు వానాకాలంలో మళ్లీ వస్తుంది.

దీవి తీగల్లో అందరికీ తెలిసిన అందగత్తె ఫిలిప్పీన్స్‌ది. ఇంగ్లీషులో జేడ్ వైన్ అంటారు, అక్కడివాళ్లు తాయబాక్ అంటారు. 1842లో అమెరికా నౌకాయాత్ర బృందం లూజాన్ దీవిలో మకిలింగ్ కొండ మీద దాన్ని చూసింది, 1854లో ఏసా గ్రే వర్ణించి పేరు పెట్టాడు. చిక్కుడు కుటుంబం. మీటరు దాకా వేలాడే గుత్తులు, నెమలి మెడకూ సముద్రానికీ మధ్య రంగు. పూవుల్లో ఆ రంగు చాలా అరుదు. రెండు వర్ణకాలు, కాస్త క్షారగుణం ఉన్న కణరసంలో కలిస్తే వచ్చేది. రాత్రి గబ్బిలాలు ఆ గుత్తులకు తలకిందులుగా వేలాడి తేనె తాగుతాయి, పుప్పొడి తలకు అంటించుకుని పోతాయి. ఆ తీగ ప్రపంచమంతా ఉద్యానవనాల్లో పెరుగుతుంది. పూస్తుంది కూడా, చూడటానికి జనం టిక్కెట్టు కొంటారు. కాయదు. లండన్ క్యూ ఉద్యానవనంలో మనిషే గబ్బిలం పని చేస్తే గాని కాయ కట్టలేదు. ఫిలిప్పీన్స్‌లో అడవి తగ్గినకొద్దీ గబ్బిలాలూ తగ్గాయి. పూలు విరగబూసిన తీగను చూసి బాగుందనుకుని వెనుదిరిగేవాళ్లకు ఆ గుత్తుల కింద ఒక్క కాయ లేదన్నది తట్టదు.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద అంతరించే దశకు చేరిన తీగ ఏదంటే నేను ముందు చెప్పే పేరు మారేడు గడ్డ. శివుడికి పెట్టే మారేడుతో దీనికి చుట్టరికమేమీ లేదు. శాస్త్రీయంగా డెకలెపిస్ హామిల్టోనియై. వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు 1834లో పేరు పెట్టారు. ద్వీపకల్ప భారతంలో తప్ప మరెక్కడా పుట్టదు. శేషాచలం, నల్లమల కొండల్లో, కర్ణాటక, తమిళనాడు కొండల్లో రాతి నెర్రెల మధ్య పెరుగుతుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి దీన్ని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కవేసింది.

మీరంతా దీన్ని చూసి ఉండకపోవచ్చు గాని చాలామంది తాగే ఉంటారు. రాయలసీమలో ఎండాకాలం బండ్ల మీద అమ్మే నన్నారి షర్బత్‌కు అసలు వేరు సుగంధిపాలది. సుగంధిపాల వేరు సన్నం, పొలంగట్లలో వెతికి ఏరాలి. మారేడు గడ్డ బొటనవేలంత లావు, ఒక్కో తీగ కింద గుత్తిగా ఊరుతుంది. వాసన దానికంటే ఘాటు. కాబట్టి సుగంధిపాల పేరు మీద సీసాలోకి చేరేది చాలాసార్లు మారేడు గడ్డే. తమిళనాట, మైసూరు వైపు దీన్నే మాకాళి అంటారు. పైతోలు చెక్కి, నడుమ ఉండే కట్టెలాంటి ఈనె తీసేసి, ముక్కలు కోసి, మజ్జిగలోనో నిమ్మరసంలోనో ఊరగాయ పెడతారు. ఏడాది నిలవ ఉంటుంది. గడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిలా, చందనం, తడిమట్టి కలిసిన వాసన. ఆ వాసన ఎక్కడిదా అని మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థవాళ్లు పరీక్షిస్తే, దాని నూనెలో దాదాపు అంతా ఒకే పదార్థం. వెనిలాలో వాసననిచ్చే వెనిలిన్‌కు అది తోబుట్టువు. అవే పరమాణువులు, అవే సంఖ్యలో. అమరిక ఒక్కటే వేరు. ఆ పదార్థం సూక్ష్మజీవులను పెరగనివ్వదు, నిలవ ధాన్యంలో పురుగులను చంపుతుంది. పచ్చడి ఏడాది చెడకపోవడంలో ఉప్పుదే కాదు, గడ్డదీ వంతు ఉంది.

వెనిలా పేరు ఎత్తాం గనుక చెబుతాను, అదీ తీగే. మెక్సికోది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో నాటితే పూసింది గాని కాయలేదు, ఎందుకంటే దాని తేనెటీగ మెక్సికోలో ఉండిపోయింది. 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు చిన్న పుల్లతో పూవులోని పొరను పైకెత్తి, పుప్పొడిని బొటనవేలితో నొక్కి కాయించాడు. ఇప్పటికీ వెనిలా తోటల్లో అదే పద్ధతి. కోట్ల రూపాయల వ్యాపారం ఆ పిల్లవాడి వేళ్ల మీద లేచింది, అతను మాత్రం పేదవాడిగానే పోయాడు.

మారేడు గడ్డ పూవు దగ్గరికి వస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన ఎ.జె. సాల్మన్ రాజు, కె. వెంకటరమణ దీని మీద చేసిన అధ్యయనం 2009లో అచ్చయింది. అది చదివాక ఆ తీగను చూసే చూపే మారిపోతుంది. పూవు చిన్నది, కందిగింజంత మొగ్గ. లోపల తెల్లని నూగు. జిల్లేడు దాయాదే కాబట్టి పుప్పొడి పొడిపొడిగా రాలదు. చెంచాలాంటి సన్నని పలక మీద కూర్చుని ఉంటుంది, ఆ పలక అడుగున జిగురు. పూవు మూతి ఇరుకు. తేనెటీగ దూరలేదు, సీతాకోకచిలుకకు పనిలేదు. పొట్టి మీసాల చిన్న ఈగ ఒక్కటే ఆ సందులోకి జారి తేనె దాకా పోగలదు. బయటికి వచ్చేటప్పుడు జిగురు దానికి అంటుకుంటుంది, పలకతో పాటు పుప్పొడి దాని వెంట పోతుంది. ఇంకో తీగ మీది పూవులో దిగినప్పుడు అది సరైన చోట తగలాలి. ఇదంతా కుదిరి కాయ అయ్యేవి నూటికి రెండు పూలను మించవు.

నూటికి తొంభై ఎనిమిది పూలు వృథా అనుకోకండి. కాయ అయినదాంట్లో గింజలు బోలెడు. జిల్లేడు గింజలాగే ఒక్కోదానికి పట్టులాంటి కుచ్చు, ఎండిన కాయ పగిలితే గాలికి లేస్తాయి. నిద్రావస్థ లేని గింజలు అవి. తడి తగిలిన చోటల్లా వెంటనే మొలుస్తాయి. చిక్కంతా అక్కడే. మొలిచాక వాన ఎడమిస్తే రాతి నెర్రెలోని పిడికెడు మట్టి ఎండిపోతుంది. మొలకలు చాలావరకు అక్కడే మాడిపోతాయి. అదృష్టవంతురాలైన మొలక గడ్డ ఊరించుకునేదాకా నిలిస్తే, ఆ తర్వాత ఎండాకాలంలో ఆకు రాల్చేసినా చావదు. గడ్డే దాని ధాన్యపు గాదె, దాని రేపటి సంవత్సరం.

మనం తవ్వుకుపోయేది సరిగ్గా ఆ గాదెనే.

ఆకు కోసుకునే మందు మొక్కకు, కాయ తెంపుకునే మందు మొక్కకు, వేరు తవ్వుకునే మందు మొక్కకు ఒకే రకం నిబంధన పెట్టే మన పద్ధతి నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఉసిరికాయ తెంపితే చెట్టు మిగులుతుంది. తునికాకు తెంపితే వచ్చే ఏడు మళ్లీ చిగురిస్తుంది. మారేడు గడ్డ తవ్వితే తీగే పోతుంది, అదీ ఈగనూ వాననూ గెలిచి పదేళ్లో పదిహేనేళ్లో బతికిన తల్లితీగ. చిన్న తీగల కింద గడ్డ ఊరదు కాబట్టి తవ్వేవాడు పెద్దదాన్నే ఎంచుకుంటాడు. అంటే కాయ కాసేవాటిని ఎంచి మరీ తీసేస్తున్నాం.

దీనికి కొండల్లో తవ్వే యానాదులనో చెంచులనో తప్పుపట్టడం తేలిక. రాసేవాళ్లు ఎక్కువమంది అదే రాశారు. గడ్డను ఒక పక్క నుంచి తవ్వి, రెండు మూడు తీసుకుని, తల్లివేరు వదిలి, మట్టి కప్పి రావచ్చు. మరుసటేడు మళ్లీ ఊరుతుంది. గడ్డల మీద బతికినవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేని సంగతి ఇది. కానీ మట్టి కప్పి రావాలంటే వచ్చే ఏడు ఆ తీగ తనదే అన్న ధీమా ఉండాలి. నువ్వు వదిలింది రేపు ఇంకొకడు తవ్వుకుపోతాడన్నప్పుడు, కొనేవాడు కిలో లెక్కన ఇవాళే డబ్బిస్తానన్నప్పుడు ఎవడు మట్టి కప్పుతాడు? కొండ మీద హక్కు స్పష్టంగా ఉన్నచోటనే ఓపిక ఉంటుంది. షర్బత్ సీసా మీద వేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో రాయమని అడిగేవాళ్లం మాత్రం మనలో ఎవరూ లేరు.

సాగు చేస్తే అడవి మీద ఒత్తిడి తగ్గుతుందన్నది మరో జవాబు. సగం నిజం. టిష్యూకల్చర్‌లో మొక్కలు పుట్టించారు, విత్తనంతోనూ పెంచుతున్నారు. కానీ గడ్డ అమ్మకానికి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లపాటు రైతు భూమి ఖాళీగా ఉన్నట్టే. అడవిలో తవ్వింది మాత్రం కూలి ఖర్చుకే దొరుకుతుంది. పుణ్యానికి దొరికే సరుకుతో పోటీపడి పంట నిలబడదు. ముందు అడవి నుంచి వచ్చేదానికి సరైన ధర, కట్టుబాటు ఉంటేనే సాగు గిట్టుతుంది. మా శాస్త్రవేత్తలం ప్రయోగశాలలో సీసా నిండా మొక్కలు చూపించి గెలిచామనుకుంటాం. రాతి నెర్రె, ఈగ, తగిన వాన ఈ మూడూ లేనిచోట ఆ మొక్క సరుకవుతుంది, జాతి కాదు.

ఇంతకూ తాడ్వాయిలో మారేడు గడ్డ కథ ఎందుకు? ఇక్కడి గుట్టల మీద ఇలాంటి దారిలోనే నడుస్తున్న తీగ ఒకటుంది కాబట్టి. అడవి నాభి. తొలకరికి గడ్డలోంచి లేస్తుంది. ఆకు కొస నులితీగగా మారి పక్కనున్న రేగుకొమ్మను, బలుసుకొమ్మను పట్టుకుంటుంది. శ్రావణ భాద్రపదాల్లో పూత. రేకలు మొదట ఆకుపచ్చ, తర్వాత అడుగున పసుపు, కొసన ఎరుపు, చివరికి మొత్తం ఎరుపు. వెనక్కి మడిచిన అంచులు మంటలాగా అలలు తిరుగుతాయి. దగ్గరికి పోయి చూడండి, పూవు తలవంచి ఉంటుంది, కీలం మొదట్లోనే లంబకోణంలో పక్కకు వంగి ఉంటుంది. తన పుప్పొడి తనకు తగలకుండా చేసుకున్న ఏర్పాటు. సీతాకోకచిలుకో తేనెపిట్టో రెక్కతో పుప్పొడి మోసుకొచ్చి ఆ పక్కకు వంగిన కొసకు తాకించాలి.

ప్రపంచ లెక్కల్లో నాభి అంతరించే జాతి కాదు. ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంది, జింబాబ్వేకు జాతీయ పుష్పం, తమిళనాడుకు రాష్ట్ర పుష్పం. కానీ ఆఫ్రికాలో ఉన్న నాభి తాడ్వాయి గుట్టకు గింజ పంపదు. ఒక గుట్ట మీద పోతే ఆ గుట్టకు పోయినట్టే.

దీని గింజలో, గడ్డలో కాల్చిసిన్ ఉంటుంది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల లేచే సన్నని దారాలను అది కట్టనివ్వదు. అందుకే అది విషం, గడ్డ తిన్నవాళ్లు చనిపోయారు. కీళ్లలో యూరిక్ ఆమ్లం చేరి వచ్చే వాపుకు మోతాదులో ఇస్తే మందు. మొక్కల్లో క్రోమోజోముల సంఖ్య రెట్టింపు చేయడానికి ప్రయోగశాలల్లో వాడేదీ అదే. గింజ ధర కిలోకు వేలల్లో పలుకుతుంది. తమిళనాట కరూరు, దిండిగల్లు, ధారాపురం వైపు ఎకరాలకు ఎకరాలు దీన్ని సాగుచేస్తారు. పందిళ్ల మీద తీగలు, తెల్లవారుజామున కూలీలు వరుసల్లో దిగి ఒక్కో పూవు పుప్పొడిని తీసి ఇంకో పూవు కీలానికి అద్దుతారు. అలా అద్దకపోతే దిగుబడి రాదు. అంత విస్తీర్ణంలో ఒకే పంటకు సరిపడా సీతాకోకచిలుకలు ఎక్కణ్ణుంచి వస్తాయి? వచ్చినా మందు కొట్టిన చేనులో ఎన్ని బతుకుతాయి? రీయూనియన్‌లో ఆల్బియస్ చేసిన పని ఇప్పుడు ధారాపురం ఆడకూలీలు చేస్తున్నారు. ఆ తోటలకు విత్తనపు గడ్డ తొలినాళ్లలో అడవుల నుంచే పోయింది.

మన గుట్టల మీద నాభిని కొంతవరకు కాపాడింది దాని విషమే. పిల్లల్ని ముట్టుకోవద్దంటారు, మేకలు వదిలేస్తాయి. ప్రమాదం గడ్డపార కంటే మొరం తవ్వే యంత్రంతోనే ఎక్కువ. గుట్ట చుట్టూ పైపొర తీసేస్తే గడ్డలన్నీ లారీలో రోడ్డు కిందికి పోతాయి. ఎండాకాలంలో పెట్టే మంటకు భూమిలో ఉన్న గడ్డ తట్టుకుంటుంది, రాలిన గింజలు తట్టుకోవు. చేను గట్ల మీద కంచెగా ఉన్న బలుసు, రేగు పొదలు తీసేసి ముళ్లతీగ లాగితే నులితీగకు పట్టుకునే కొమ్మ ఉండదు. చిన్న మార్పులే ఇవన్నీ. గుట్ట ఎప్పటిలాగే ఆకుపచ్చగా కనిపిస్తుంది.

ఉమ్మడి నిజామాబాద్ జిల్లా మొక్కల మీద టి. పుల్లయ్య, బి. రవిప్రసాద రావు రాసిన గ్రంథం 1995లో వచ్చింది. ఆ జిల్లాలోంచే 2016లో కామారెడ్డి జిల్లా విడివడింది. జిల్లా మారింది, గుట్టలు చాలా మారాయి, కొత్త లెక్క మాత్రం ఎవరో ఒకరు ఊళ్లల్లోనే మొదలుపెట్టాలి. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఊరి మొక్కల్నీ జంతువుల్నీ రాసుకునే ప్రజా రిజిస్టర్ ఉండాలి. చాలాచోట్ల ఆ రిజిస్టర్ ఒకసారి రాసి బీరువాలో పెట్టిన పుస్తకం. అందులో నాభి ఉన్నది అని ఒక గీత రాస్తే పని తీరదు. ఏ గుట్ట, ఏ పక్క, పూసినవి ఎన్ని, కాయ కట్టినవి ఎన్ని, మొలకలు ఎన్ని అని ఏటేటా రాయాలి. ఈ పనికి శాస్త్రవేత్త అక్కర్లేదు. గుట్ట మీద రోజూ తిరిగే కాపరికి, బడి పిల్లలకు మాకంటే బాగా తెలుస్తుంది.

పంచాయతీ నర్సరీ విషయం కూడా చెప్పాలి. అక్కడ సంచుల్లో కానుగ, నేరేడు, టేకు, గుల్‌మొహర్ ఉంటాయి. ఈ గుట్ట నాభి గింజ, ఈ వాగు ఒడ్డు సుగంధిపాల ఎందుకుండవు? ఒకే తీగ నుంచి కాదు, నాలుగైదు చోట్ల నుంచి, కాసినదాంట్లో కొంచెమే తీసి వేయండి, మిగతాది గుట్టకే వదలండి. త్రీ కింగ్స్ తీగకు లేని అవకాశం మనకు ఇంకా ఉంది, తల్లులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. పెరిగాక మొక్కను పార్కులో గోడకు పాకించడం కాదు, ఏ గుట్ట గింజ ఆ గుట్టకే తీసుకుపోవాలి, వానాకాలం మొదట్లో, పొద నీడన. నర్సరీ సంచి తాకే పిల్లలకు గడ్డ విషమన్నది ముందే చెప్పాలి, చేతులు కడిగించాలి.

లెక్క మొదలుపెట్టేవాళ్లకు ఒక జాగ్రత్త. నాభి మొలకను మొదటి ఏడు పోల్చుకోవడం కష్టం. పూవు ఉండదు, నులితీగ ఉండదు, రెండు మూడు సన్నాకులతో గడ్డిపోచల మధ్య గడ్డిలాగే ఉంటుంది. కలుపని పీకేస్తారు. పూతకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అందుకని ఈ భాద్రపదంలో పూసిన తీగల దగ్గర రంగు రాళ్లు గుర్తు పెట్టండి. కాయ పగిలి ఎర్రని గింజలు రాలాక ఆ చుట్టుపక్కల మంట పెట్టనివ్వకండి. వచ్చే తొలకరి తర్వాత మూరెడు దూరంలో వంగి వెతకండి. సున్నా వచ్చినా సున్నా అనే రాయండి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, ముందుగా వెనక వరుసలో ఉన్న పిల్లలు.